మునిరత్నం పేరిట ఒక చెట్టు

వరదరాజులు మా అన్న. తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. మా మేనకోడలు శ్రీప్రియ కంప్యూటరు పరిశోధనకు దుడ్డు పెట్టింది మా ఇంటివాళ్లేనని ఆయన ఈ మధ్య మద్రాసు చింతాద్రిపేటలో కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆ "మా ఇంటివాళ్లు"లో నన్ను కలుపుకుంటే అది కొంత నిజం, కలుపుకోకపోతే పూర్తి అబద్ధం. కలుపుకున్నాడో లేదో నేను అడగలేదు. మొన్న కాఫీపొడి అంగడి దగ్గర నా ఎదుటనే ఆ మాట అని, నా భుజం తట్టి పోయాడు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాయన మునిరత్నానికి మోటారు విడిభాగాల అంగడి ఉండేది. పెద్ద సంసారం అంగడి పైన మిద్దెలో ఉండేది. మా అమ్మ అంజలై, నేను, చెల్లెలు పంకజం కూవం ఏటి వైపు సందులో ఉండేవాళ్లం. వరదరాజులును బి.కాం. చదివించారు. నన్ను ఏడో తరగతితో మాన్పించి బోర్డులు రాసే ఒకాయన దగ్గర చేర్చారు. అప్పటినుంచి అక్షరాలు రాసి బతుకుతున్నాను. తెలుగు, అరవం, ఇంగ్లీషు, ఏదైనా ఒకటే కూలి.

మా పేటలో తెలుగువాళ్ల సంఘం ఒకటుంది. ఒక హాలు, దాని వెనక చదువుకునే పిల్లలకు హాస్టలు. అధ్యక్షుడు వరదరాజులు. ఆ హాల్లో ఇచ్చినవాళ్ల పేరు లేని వస్తువు ఉండదు. గుళ్లలో మాదిరిగానే ఇక్కడా అట్లా ఇచ్చే కానుకను ఉభయం అంటారు. ట్యూబులైటు మీద "ఉభయం" అని రాసి కింద పేరు, ఊరు, అంగడి పేరు రాస్తే ఇంక వెలుతురు రావడానికి జానెడు చోటే మిగులుతుంది. ఫ్యాను తిరిగితే పేరు కనబడదని, సభ మొదలయ్యేదాకా దాన్ని వేయనివ్వని ఉభయదారులు కూడా ఉన్నారు. ఆ పేర్లన్నీ నా చేతి రాతే.

శ్రీప్రియ మా పంకజం కూతురు. అంబత్తూరు దాటాక ఉండే ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆదివారాలు సంఘం హాల్లో హాస్టలు పిల్లలకు ఉచితంగా డేటా స్ట్రక్చర్లు, అంటే కంప్యూటరు లోపల సమాచారం సర్దే పద్ధతులు, చెప్పేది. మద్రాసు పేరు చెన్నై అయిన మరుసటేడు సంగతి. అప్పటికే స్టిక్కర్లు కోసే కంప్యూటర్లు వచ్చి నా పనిలో సగం ఎత్తుకుపోయాయి. కంప్యూటరంటే నాకు ప్రేమ పుట్టడానికి కారణమేమీ లేదు. పాఠం జరుగుతుంటే నేను పక్కన బెంచీలకు పేర్లు రాసుకుంటూ ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం ఆ పిల్ల నాటకాల తెర దించి, దాని వెనక ఒక విద్యార్థిని కూర్చోబెట్టింది. ముందున్నవాళ్లు చీటీ రాసి తెర కిందనుంచి లోపలికి తోస్తారు. "ఇవ్వు" అంటే అన్నిటికంటే ముందు తోసిన చీటీ బయటికి రావాలి. వాడు చీటీలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని ఇస్తూ వచ్చాడు. కాసేపటికి ఎవరికీ చెప్పకుండా వాణ్ణి లేపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టింది. వీడు చీటీల మీద వచ్చిన వరసలో నంబర్లు వేసుకుని, అన్నీ కలగలిపి ఒక డబ్బాలో పోసుకుని, ప్రతిసారీ వెతికి ఇచ్చాడు. కొంచెం ఆలస్యమైంది గాని చీటీ సరైనదే వచ్చింది. ముందున్నవాళ్లకు మనిషి మారినట్టు తెలియలేదు.

"చూసినారా," అంది. "ముందు నిలబడినోడికి కావాల్సింది ఇచ్చిన మాట తప్పకపోవడమే. ఏది ముందొస్తే అది ముందు పోవాల. లోపల ఎట్ల సర్దుకుంటారనేది లోపలోళ్ల తలనొప్పి."

నేను తెరకు పక్కగా ఉన్నాను కాబట్టి నాకు రెండువైపులా కనబడింది. ఇందులో చదువేముందని అడిగాను.

"ఇప్పుడు ప్రోగ్రాం రాసేవాడు లోపల ఎట్ల సర్దాలనేది కూడా వాడే రాసుకోవాల చిన్నమామా. వాడు ఏం కావాల్నో చెప్తే చాలు, ఎట్ల సర్దాలనేది మిషనే ఎంచుకునేట్టు చెయ్యాలని నా పరిశోధన," అంది.

"అది చేస్తే ఎవరికి లాభం?"

"రాసేవాళ్లకు సగం పని తగ్గుతుంది."

"సగం పని తగ్గడం ఎట్లుంటుందో నాకు బాగా తెలుసులే," అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఆ పరిశోధన చేయించడానికి ఒక ప్రొఫెసరు ఒప్పుకున్నాడు. కాని ఉద్యోగం మాని పూర్తి సమయం చేయాలి. ఆ ఏడు ఆ ప్రొఫెసరు దగ్గర స్కాలర్‌షిప్పులు లేవు. ఒకటిన్నర సంవత్సరం తిండికి, ఒక కంప్యూటరుకు సొంత ఏర్పాటు ఉందని జులై మొదట్లో చూపించాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కాలేజీ జీతంతో సెలవు ఇవ్వనంది. పంకజం మొగుడు లేని మనిషి, కుట్టుమిషను మీద బతికేది. ఇంక మిగిలింది సంఘం.

శ్రీప్రియ కమిటీ ముందు నిలబడి పావుగంట మాట్లాడింది. అందరూ మర్యాదగా విన్నారు. పెళ్లిళ్లకు పాత్రలు బాడుగకిచ్చే రాజలక్ష్మి కోశాధికారి. ఆమే ముందు నోరు తెరిచింది.

"అంతా సరేమ్మా. పేరు ఏడ రాసేది?"

"దేని మీద అత్తా?"

"అదే అడగతా ఉండా. బీరువా ఇస్తే బీరువా మీద రాస్తాం. నువ్వు చేసేది చేత్తో పట్టుకునేది కాదంటా ఉండావు. యతిరాజు ఏడ రాయాల, గాల్లోనా?"

అందరూ నావైపు చూశారు. గాల్లో రాసేదానికి కూలి ఎంతని అడిగాను.

శ్రీప్రియ రాజలక్ష్మివైపు తిరిగింది. "మిషన్లో రాస్తా అత్తా. సర్దేదానికి నేను కట్టే ఒక్కో పద్ధతికి ఒక్కో ఉభయదారు పేరు పెడతా. దాన్ని ఎవరు వాడుకున్నా ముందు ఆ పేరు కనబడాల్సిందే."

"ఎవరు వాడినా?"

"ఏ ఊర్లో వాడినా."

ఆ మాటతో హాలు మారిపోయింది. ట్యూబులైటు నాలుగేళ్లకు మాడిపోతుంది. ఇది మాడేది కాదు. క్యూ అనేదాన్ని రాజలక్ష్మి తీసుకుంది. తన అంగట్లో ముందొచ్చినవాళ్లకే ముందు పాత్రలిస్తానంది. స్టాక్ అనేది మాత్రం ఎవరికీ అక్కరలేకపోయింది. చివర వచ్చినవాడికి ముందు ఇవ్వడం న్యాయం కాదని, ఆ అన్యాయానికి తమ పేరు వద్దని అన్నారు. కొమ్మలు కొమ్మలుగా సర్దే చెట్టు అనేదొకటి ఉందని, అన్నిటికన్నా పెద్దదని తెలిసి వరదరాజులు కుర్చీలో ముందుకు జరిగాడు.

"చెట్టు మా నాయన పేరిట ఉండనీ. మునిరత్నం చెట్టు. కంప్యూటరు నేను కొనిస్తా, తిండికి సగం నేనిస్తా. మిగతాది మీరందరూ చూసుకోండి," అన్నాడు. "వచ్చే ఆదివారం ఒకసారి చూపించు పాపా. చూడకుండా ఎవరూ ఇవ్వరు కదా."

అది జూను నెల. పంకజం ఆ రాత్రి నాకు చేపల పులుసు పంపింది. నా జీవితంలో మా అన్నను మంచివాడని అనుకున్నది ఆ ఒక్క వారమే.

ఆదివారం టైపు ఇన్‌స్టిట్యూటునుంచి ఒక కంప్యూటరు అడిగి తెచ్చి వేదిక మీద పెట్టారు. కమిటీవాళ్లు, హాస్టలు పిల్లలు, వరదరాజులు భార్య అలమేలు వదిన, అల్లుడు కృష్ణస్వామి, అందరూ వచ్చారు. కృష్ణస్వామికి అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో లేతు మిషన్ల షెడ్డు ఉంది. శ్రీప్రియ ఏవో పళ్ల పేర్లతో చూపించబోతుంటే వరదరాజులు ఆపాడు.

"పళ్లెందుకు? మా నాయన చెట్టుకు మా పేర్లే పెట్టు. నేను చెప్తా కొట్టు."

వరదరాజులు ఆ పిల్ల కుర్చీ వెనక నిలబడి, పెళ్లిపత్రికలో పేర్లు వేసే వరసలో చెప్పాడు. ముందు మా నాయన. తర్వాత తాను. తర్వాత అలమేలు. తర్వాత అల్లుడు. అక్కడ ఆగి, చుట్టూ చూసి, "పంకజం పేరు, యతి పేరు కూడా పెట్టుమ్మా. వాళ్లు మాత్రం పరాయోళ్లా," అన్నాడు. కొందరు తలలూపారు. మా అమ్మ పేరు ఆయన చెప్పలేదు. అడిగేవాళ్లు కూడా లేరు.

కంప్యూటరు తెర మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. పైన మునిరత్నం. ఆయన కింద ఎడమన అలమేలు, కుడిన వరదరాజులు. అలమేలు కింద అల్లుడు. వరదరాజులు కింద ఇటు పంకజం, అటు నేను.

"చెట్టు తలకిందులుగా ఉండాదే," అంది రాజలక్ష్మి. "వేరు పైకుండాది."

"నాయన పైన ఉండాడు కదా, ఇంగేం," అన్నాడు వరదరాజులు. ఆయన మొహం వెలిగిపోతోంది. "అత్త కింద అల్లుడు, నా కింద తమ్ముడు, చెల్లెలు. ఎంత పద్ధతిగా పెట్టిందో చూడండి. ఇదీ సదువంటే."

శ్రీప్రియ అప్పుడే ఆయనకు చెప్పింది. ఇందులో పెద్దా చిన్నా లేదు పెద్దమామా, అక్షరాల వరసే, ముందొచ్చే అక్షరం ఎడమకు, వెనకొచ్చేది కుడికి, అట్లయితేనే పేరు వెతికితే తొందరగా దొరుకుతుంది, అంది. ఆయన "సరి, సరి" అన్నాడు. వినలేదు. హాల్లో ఎవరూ వినలేదు. మా కళ్లకు అది పెళ్లిపత్రిక మాదిరిగానే కనబడింది.

"ఒక పని చెయ్," అన్నాడు. "నాయన పోయి చాన్నాళ్లయింది. పోయినోళ్ల పేరు, ఉండేవోళ్ల పేరు ఒకే తావున ఉండకూడదు. ఉభయంగా ఎట్లాగూ పైన రాస్తావు. లోపలనుంచి ఆయన్ని తీసెయ్. ఆ తావుకు ఎవరొస్తారో అందరూ చూడనీ."

"తీసేది ఇంకోరోజు చూపిస్తా పెద్దమామా."

"ఈరోజు చూపించు."

శ్రీప్రియ ఒకసారి నావైపు చూసింది. నాకేం తెలుసు. తియ్యమని సైగ చేశాను. మీట నొక్కింది. మునిరత్నం పేరు పోయింది. కిందనుంచి ఒక పేరు లేచి పైకి వచ్చి నిలబడింది. పంకజం.

వరదరాజులు ఉన్నచోటే ఉన్నాడు, ఆమె కింద కుడివైపు. అలమేలు ఆమె కింద ఎడమవైపు.

వెనక వరసలో కూర్చున్న పంకజమే ముందు మాట్లాడింది. "నన్ను దించెయ్యి తల్లీ. ఎవరు ఎక్కమన్నారు నన్ను ఆడికి."

"ముందే రాసిపెట్టుకొచ్చినారా?" అన్నాడు వరదరాజులు. గొంతు పెంచలేదు.

"లేదు పెద్దమామా. తాతయ్య పేరు తర్వాత ఇంగ్లీషు అక్షరాల వరసలో వెంటనే వచ్చేది అమ్మ పేరు. ఆ వరస చెడకుండా ఉండాలంటే పక్కనుండే పేరు పైకి రావాల."

"ఒక్క పక్కేనా ఉండేది?"

"తాతయ్యకు ముందొచ్చే పక్కనుంచి కూడా తెచ్చుకోవచ్చు."

"తే."

మళ్లీ కొట్టి చూపించింది. ఈసారి పైకి కృష్ణస్వామి వచ్చాడు.

"పోనీలే, అల్లుడికి పట్టం కట్టినారు," అంది రాజలక్ష్మి. పిల్లలు నవ్వారు. కృష్ణస్వామి మామగారివైపు చూడకుండా చేతిగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. ఆ గుడ్డ వెనక ఏముందో నాకు తెలుసు.

"నేను పెద్దకొడుకునని దానికి చెప్పు," అన్నాడు వరదరాజులు.

"దానికి కొడుకూ కూతురూ తెలీదు మామా. అక్షరాల వరస ఒక్కటే తెలుసు."

"నీకు తెలుసు కదా."

శ్రీప్రియ మళ్లీ మీటల మీదికి వంగింది. నేను దగ్గరికి పోయి, ఏదో ఒకటి చేసి ఆయన్ని పైకి తెచ్చెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది అని చెవిలో అన్నాను. అప్పుడు ఆ పిల్ల మొహంలో లెక్క వేసుకుంటున్న గుర్తు కనబడింది.

"ఇంకొక దారి ఉండాది పెద్దమామా. వరస కూడా చెడదు. మీరు పైకి వస్తారు."

"అది ముందే చెప్పకూడదా. చెయ్."

"చేస్తా. అత్త, కృష్ణస్వామి అన్న మాత్రం వచ్చి మా అమ్మ కింద చేరుతారు."

అలమేలు వదిన ఆ ఉదయమంతా విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. ఇప్పుడు విసరడం ఆపింది.

"నేను ఎవరి కిందా చేరను," అంది.

ఆ దారీ మూసుకుపోయింది.

వరదరాజులు కుర్చీలో కూర్చుని ఉత్తరీయం సర్దుకున్నాడు. "పాపా, నీ మింద నాకేం కోపం లేదు. మా నాయన తావులో ఎవరు కూర్చునేది మిషను చెప్తుందంటే అట్లాంటి సదువుకు నేను దుడ్డు ఇయ్యలేను. మిగతావాళ్లు ఇస్తే ఇయ్యనీ."

మిగతావాళ్లు ఆయన మొహం చూశారు. రాజలక్ష్మి ఒక్కతే, క్యూ మంచిదే కదా, దాని వరకు ఇస్తామంది. అధ్యక్షుడు లేకుండా సంఘం రశీదు చెల్లదని ఆయన గుర్తుచేశాడు. ఆమె కూడా సంచీ సర్దుకుంది.

"పళ్ల పేర్లు పెట్టుంటే సరిపోయేది," అన్నాను శ్రీప్రియతో.

"పళ్లతో చేసినా రేపు ఇదే అడుగుతారు చిన్నమామా. పోనీ. కాలేజీ ఉండాది కదా." వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కోటి మెలిపడకుండా నెమ్మదిగా చుడుతోంది. ఆ తీరే నాకు కష్టంగా అనిపించింది. ఏడో తరగతి పుస్తకాలు తిరిగిచ్చేసిన రోజు నేనూ అట్లాగే నెమ్మదిగా కట్టుకట్టాను. ఏడ్చుంటే ఎవరైనా ఏమైనా చేసేవాళ్లేమో.

"నేనిస్తా," అన్నాను.

వరదరాజులు లేచినవాడు ఆగాడు. "నీకేముందిరా యతీ. బ్రష్షులా?"

ఈ మాట నేను దయతో అన్నానని చెప్పుకోను. ఆయన అట్లా అడిగేసరికి నాకున్నది ఒక్కటే నోటికి వచ్చింది. "అంబత్తూరు స్థలం ఉండాది," అన్నాను.

ఆ స్థలం మా అమ్మది. మా నాయన రెండో సంసారానికి రాసిచ్చింది అదొక్కటే. అమ్మ పోయేముందు నగలు పంకజానికి, స్థలం నాకు ఇచ్చింది. ముసలితనంలో అక్కడ ఒక గది వేసుకుని, ముందు చిన్న బోర్డుల అంగడి పెట్టుకుందామనుకునేవాణ్ణి. పెళ్లి చేసుకోని మనిషికి అంతకంటే ఏం కావాలి.

పంకజం ఇంటికొచ్చి పోట్లాడింది. "అమ్మ స్థలం అన్నా అది. ఆ పిల్లకు ఉద్యోగముండాది, ఏం తక్కువ?"

"నువ్వు పైకెక్కినందుకే కదా వచ్చింది ఇదంతా," అన్నాను.

"నేనెక్కినానా, నీ మేనకోడలు ఎక్కించిందా?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె ఏడ్చింది.

అమ్మడం నేననుకున్నంత సులువు కాలేదు. జులై నడిమికి ఆడి నెల, అంటే అరవవాళ్ల ఆషాఢం, వస్తుంది. ఆడిలో మా ఊర్లో ఎవరూ స్థలం కొనరు. ఆడికి ముందు దొరికే రోజులు తక్కువ. బ్రోకర్లందరూ ఆడి దాటాక వచ్చే ఆవణి దాకా ఆగమన్నారు. శ్రీప్రియకు ఆగే వీలు లేదు. ఆడి రాకముందే రిజిస్టరు చేయించుకుంటానని వచ్చిన మనిషి ఒక్కడే, కృష్ణస్వామి. ఆయన షెడ్డుకు ఆనుకునే ఉంది ఆ స్థలం.

"నేను చెప్పకూడదు గాని మామా, ఆవణి దాకా ఉంటే మీకు ఇంకా మంచి ధర వస్తుంది," అన్నాడు టీ తాగుతూ.

"నువ్విస్తావా ఆ ధర ఇప్పుడు?"

"నాకు ఇప్పుడు కుదిరేది ఇంతే. మీ ఇష్టం. తొందరేం లేదు."

ఎవరికి తొందర లేదో ఇద్దరికీ తెలుసు. బయటి ధరకంటే మూడో వంతు తక్కువకు ఒప్పుకున్నాను. రిజిస్ట్రారు ఆఫీసుకు సాక్షి సంతకానికి వరదరాజులే వచ్చాడు. అల్లుడి తరపున వచ్చాడు. నాతో మాట్లాడలేదు, కాని సంతకం పెట్టేటప్పుడు కలం నాదే అడిగి తీసుకున్నాడు. కృష్ణస్వామి ఇచ్చినది మామగారి అంగడినుంచి తెచ్చిన సొమ్మని నాకు తర్వాత తెలిసింది. వరదరాజులు ఊరంతా చెప్పుకునేది ఆ లెక్కనే. దుడ్డు ఆయన ఇంటినుంచి కదిలిన మాట నిజం. బదులుగా ఏం పోయిందో, ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పడు.

శ్రీప్రియ చేరింది. పని జరుగుతోంది. ఆదివారాలు హాలు ఇవ్వడం మానేశారు కాబట్టి ఇప్పుడు పంకజం ఇంటి మిద్దె మీద పాఠం చెబుతోంది. అప్పుడప్పుడు నన్ను పిలిచి తెర మీద ఏదో చూపించి, "ఇప్పుడు మిషనే ఎంచుకుంటా ఉండాది మామా," అంటుంది. తెర మీద అంకెలు కదులుతుంటాయి. బాగుందంటాను. నాకు అందులో బాగున్నదీ లేనిదీ తెలియదు. ఆ పిల్ల మొహం చూసి చెబుతాను.

స్థలం సంగతి ఆ ఇంట్లో మాట్లాడుకోం. వరదరాజులు చెప్పడు కాబట్టి, పోయినదేమిటో దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాసి ముగిస్తున్నాను. అంబత్తూరులో ఉత్తరాన పాల సొసైటీ గోడ, దక్షిణాన పదిహేనడుగుల సందు, తూర్పున ఆరోగ్యసామి ఇల్లు, పడమర కృష్ణస్వామి లేతు షెడ్డు, వీటి నడుమ ముప్పై అడుగులు వెడల్పు, నలభై అడుగులు పొడుగు, పన్నెండు వందల చదరపుటడుగులు, అంటే మద్రాసు కొలతలో అర గ్రౌండు.